పద్నాలుగో గడిలో ఒక బోల్టు

ఎవరి కారు వాళ్ళే విప్పి, తుడిచి, తిరిగి బిగించుకోవాలని మా జిల్లాలో ఉత్తర్వు వచ్చింది. ఇది శిక్ష కాదు, పండగ అని కరపత్రంలో స్పష్టంగా రాశారు. పండగ పేరు స్వహస్త వాహన సేవా పక్షోత్సవం. ఆ పదిహేను రోజుల్లో ప్రతి యజమానీ తన కారు ఇంజనాయిలు తానే మార్చి, ఫిల్టరు తానే దులిపి, విప్పుదల పత్రం ఒకటి, బిగింపు పత్రం ఒకటి నింపి ఇస్తే అద్దానికి పచ్చ బిళ్ళ అంటిస్తారు. పచ్చ బిళ్ళ లేని కారు రోడ్డెక్కితే దాన్ని పరాధీన వాహనంగా ప్రకటిస్తారు. పరాధీనం అంటే ఏమిటని మా కాలనీ సంఘం వాళ్ళు అడిగితే, "మెకానిక్కు చెయ్యి తగిలినది" అని జవాబు వచ్చింది.

మెకానిక్కుల విషయంలో ఉత్తర్వు దయగానే ఉంది. వాళ్ళని ఊరు విడిచి పొమ్మనలేదు. విప్పిన కారుకి పది అడుగుల లోపల మాత్రం ఉండకూడదన్నారు. మా వీధి చివర షెడ్డున్న మస్తాన్ ఒక కొలత టేపు కొనుక్కున్నాడు. ఎవరింట్లో బానెట్టు లేస్తే ఆ ఇంటి ముందు పదకొండు అడుగులు కొలుచుకుని, స్టూలు వేసుకుని కూర్చునేవాడు. సలహా చెప్పకూడదని నియమావళిలో ఎక్కడా లేదు.

లేదని నాకెలా తెలుసంటే, ఆ నియమావళి నేను చదివాను. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, వాటి మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. అచ్చయిన కాగితం చేతికొస్తే చివరి దాకా చదవనిదే కింద పెట్టలేను. నలభై ఎనిమిది పేజీల ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషిని కాలనీ మొత్తంలో నేనొక్కదాన్నే. నా కొంప ముంచింది అదే.

నాకు డెబ్బై ఒకటి. మా ఆయన డ్రైవింగు స్కూలు నడిపేవారు. ఆయన పోయాక ఆ స్కూలు కారు నాకు మిగిలింది. డ్రైవింగు స్కూలు కారుకి ఎడమ పక్క కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు గోడని కొట్టకుండా పంతులుగారు తొక్కడానికి. ఆ ఎడమ బ్రేకు మీద గత ఆరేళ్ళుగా మా పక్కింటి రూతమ్మ కాలు ఉంటోంది. రూతమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. నేను స్టీరింగు తిప్పుతాను, తను ఆపుతుంది. ఆవు అర కిలోమీటరు దూరంలో కనబడగానే ఆపుతుంది. "వదినా, అది ఇంకా చాలా దూరంలో ఉంది" అంటాను. "అది నిన్ను చూడలేదుగా" అంటుంది. అలా మేము మార్కెట్టుకీ, కంటి డాక్టరు దగ్గరికీ, ఆదివారం తన చర్చికీ వెళ్ళి వస్తూ ఉండేవాళ్ళం.

ఆ రూతమ్మ వెళ్ళిపోతోంది. ఖరగ్‌పూర్‌లో తన చెల్లెలు ఎస్తేరమ్మ ఉంది. మరిది రైల్వేలో చేసి కిందటేడు పోయాడు. ఎస్తేరమ్మకి చూపు రోజురోజుకీ మందగిస్తోంది. "నువ్వొచ్చెయ్యవే అక్కా, ఇద్దరం ఒక చోట ఉందాం" అని ఆర్నెల్లుగా అడిగి అడిగి ఒప్పించింది. పక్షోత్సవం ముగిసిన మూడో రోజుకి రూతమ్మ టికెట్టు కొనుక్కుంది. తిరుగు టికెట్టు కొనలేదు.

వీడ్కోళ్ళ దగ్గర నేను పనికిరాని మనిషిని. మా అమ్మ ప్రాణం పోయేటప్పుడు నేను పెరట్లో నీళ్ళు తోడుతున్నాను. మా ఆయన పోయేటప్పుడు ఆసుపత్రి ఎదురుగా ఇడ్లీ కట్టించుకుంటున్నాను. ఈసారైనా ఆ మనిషిని స్వయంగా కార్లో స్టేషనుకి తీసుకెళ్ళి, రైలు కదిలే దాకా కిటికీ పట్టుకుని నిలబడాలనుకున్నాను. దానికి పచ్చ బిళ్ళ కావాలి.

పక్షోత్సవం పన్నెండో రోజు ఆదివారం. కారుని గేటు ముందు వాలు మీదికి ఎక్కించి చక్రాల కింద ఇటుకలు పెట్టాం. కింద చెయ్యి పట్టేటంత జాగా వచ్చింది. మోకాళ్ళు వంగవు కాబట్టి నేను పీట వేసుకున్నాను. ఇంట్లో రెండో పీట లేక రూతమ్మ నా కత్తిపీట కత్తి మడిచి దాని మీద కూర్చుంది. తను సాక్షి. 'విప్పుదల నుండి బిగింపు వరకు కనురెప్ప వాల్చక చూచిన సాక్షి' అని పత్రంలో ఉంది. రూతమ్మ కళ్ళజోడు తుడుచుకుని నిజంగానే రెప్ప వాల్చకుండా చూడడం మొదలుపెట్టింది.

"అమ్మగారూ, ఆ నట్టు ఎడమకి తిప్పండి" అన్నాడు పదకొండు అడుగుల అవతలి నుంచి మస్తాన్.

"తిరగట్లేదయ్యా."

"మీ ఎడమ కాదండి, దాని ఎడమ. మీరు కింద నుంచి చూస్తున్నారు గదా."

దాని ఎడమ ఏదో తేల్చుకునేలోగా నట్టు ఊడి బేసినులో పడింది. నల్లటి నూనె బేసినులోకి కాకుండా నా మోచేతి మీదుగా ముగ్గులోకి పారింది. రూతమ్మ బేసిను జరిపింది. నూనె కూడా జరిగింది. "బేసిను కదపమాకండమ్మా, నూనే దాని దగ్గరికి వస్తది!" అని మస్తాన్ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. టేపు గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

ఫిల్టరు పెట్టె తెరిస్తే అందులో ఎలుక కాపురం పెట్టి, ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎలుకలు రాకుండా మేము పెట్టిన పొగాకు కాడలతోనే గూడు కట్టుకుంది. గూట్లో సగం చిరిగిన పత్రిక ముక్క ఉంటే చదివి గానీ పారెయ్యలేదు. "వదినా, కారు బాగుచేస్తున్నావా, లైబ్రరీ పెట్టావా?" అంది సాక్షి.

మధ్యాహ్నానికి అన్నీ బిగించాం. తాళం తిప్పితే ఇంజను పలికింది. మస్తాన్ చప్పట్లు కొట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అప్పుడు వాకిలి ఊడుస్తుంటే చీపురుకి ఏదో తగిలింది. చిటికెన వేలంత బోల్టు. తల పలకలుగా ఉంది, నడుము రాసుకుపోయి మెరుస్తోంది.

"అది కారుది కాదమ్మా" అన్నాడు మస్తాన్. "ఇక్కడి నుంచే తెలుస్తోంది."

"కారుదైనా కాకపోయినా కాలవలో పడెయ్ వదినా" అంది రూతమ్మ. "ఆ ఎదురింటి లెక్చరరుగారింట్లో ఏడు మిగిలాయి. ఆవకాయ జాడీలో దాచారంట. పత్రంలో 'లేవు' అని రాసేసి పచ్చ బిళ్ళ అంటించుకున్నారు."

బిగింపు పత్రంలో పద్నాలుగో గడి అది. 'బిగింపు అనంతరం మిగిలిన భాగములు'. ఎదురుగా చుక్కలు. నేను ఆ చుక్కల ముందు చాలాసేపు కూర్చున్నాను. అచ్చులో ఒక ప్రశ్న అడిగితే అబద్ధం రాయడం నాకు చేతకాదు. 'ఒకటి' అని రాశాను.

మర్నాడు పొద్దున్నే పత్రాలు, బోల్టు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ప్రత్యేకాధికారి చక్రధరరావుగారు పత్రం మీద వేలు పెట్టి ఒక్కో గడి దిగుతూ వచ్చి పద్నాలుగు దగ్గర ఆగిపోయారు. లేచి నిలబడ్డారు.

"తులశమ్మగారూ, కూర్చోండి. ఎవరక్కడ, అమ్మగారికి టీ!"

ఎందుకింత మర్యాదో తరవాత తెలిసింది. జిల్లాలో పన్నెండు వేల పత్రాలు వస్తే పన్నెండు వేలమందీ 'లేవు' అనే రాశారు. అక్కడ మిగులు భాగముల విభాగం అని ఒకటి పెట్టి, నలుగురు ఉద్యోగుల్ని వేసి, ఇనప బీరువా కూడా కొన్నారు. పదమూడు రోజులుగా ఆ నలుగురూ ఖాళీ బీరువాకి కాపలా కాస్తున్నారు. ఇంకో రెండు రోజుల్లో విభాగం ఎత్తేస్తారని పైనుంచి కబురొచ్చింది. సరిగ్గా అప్పుడు నేను వెళ్ళాను.

బోల్టుని దూది పరిచిన డబ్బాలో పెట్టారు. మి.భా. 1 అని చీటీ కట్టారు. నలుగురూ దాని చుట్టూ నిలబడి ఫోటో తీయించుకున్నారు.

"మరి నా పచ్చ బిళ్ళ అండీ?"

"అమ్మా, సదరు బోల్టు సదరు వాహనమందు ఏ స్థానమునకు చెందినదో నిర్ధారణ కావలసి ఉంది. అంతవరకు వాహనం యథాతథ స్థితిలో ఉండాలి. యజమాని, సాక్షి జిల్లా సరిహద్దు దాటరాదు."

"సాక్షికి శనివారం రైలుందండి. ఖరగ్‌పూర్ వెళ్తోంది."

"నలభై ఒకటో పేజీ చూడండమ్మా" అన్నారాయన, చాలా మృదువుగా.

ఆ పేజీ నేను చదివాను. చదివినప్పుడు అది నా గురించి రాశారనుకోలేదు.

ఇంటికొచ్చి చెబితే రూతమ్మ తిట్టలేదు. నర్సులకి చెడ్డ కబురు వినడం అలవాటు. "ఒక బోల్టుకి మనిషిని ఆపుతారా?" అని ఒకసారి అడిగింది. టికెట్టు రద్దు చేయించుకుంది. గోడకి అటు పక్క ఫోనులో చెల్లెలితో చెప్పడం నాకు వినబడింది. "వస్తానే. బోల్టు తేలాలే. బోల్టు... కాదే, జబ్బు కాదు, బోల్టు."

నా దిగులు చూసి కాబోలు, ఆ వారమంతా కూరలు తనే తరిగి గిన్నెలో వేసి గోడ మీంచి అందించింది. నేను పొయ్యి మీద పడేస్తే చాలు.

బోల్టు స్థానం తేల్చడానికి త్రిసభ్య సంఘం వేశారు. ఒకాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఒకాయన కొబ్బరి తెగుళ్ళ నిపుణుడు. మూడో ఆయన గణాంకాధికారి. ముగ్గురికీ కారు లేదు, కాబట్టి పక్షపాతం ఉండదని ఎంపిక చేశారట. కారు చూడడానికి వాళ్ళు మా ఇంటికొస్తే మస్తాన్ రోడ్డు మీంచి, "అయ్యా, ఆ బోల్టు కారుది కాదయ్యా" అని అరిచాడు. చక్రధరరావుగారు అటు తిరగకుండానే జవాబిచ్చారు.

"తెలిసినవారి అభిప్రాయం స్వహస్త స్ఫూర్తికి విరుద్ధం. నమోదు చేయకండి."

మొదటి సమావేశంలో డ్రాయింగు మాస్టారు కారుని నాలుగు వైపుల నుంచీ బొమ్మ గీశారు. బొమ్మ బాగా కుదిరింది. రెండో సమావేశంలో కొబ్బరి నిపుణుడు బ్యాటరీ చివర తెల్లగా పూసిన పొడిని భూతద్దంతో చూసి, ఇది బూజు తెగులు కాదని తేల్చారు. మూడో సమావేశంలో ఇక విప్పక తప్పదన్నారు. విప్పారు. ఎడమ పక్క బ్రేకు దగ్గర పని ఆగిపోయింది.

"ఒక వాహనానికి రెండు బ్రేకులు దేనికి? ఇందులో ఒకటి మిగులే కదా?" అన్నారు చక్రధరరావుగారు.

"డ్రైవింగు స్కూలు కారండి. ఎడమ పక్కన కూర్చున్నవాళ్ళు ఆపడానికి" అన్నాను.

"ఎవరు కూర్చుంటారు?"

"నేనండి" అంది రూతమ్మ.

"మీకు లైసెన్సు ఉందా?"

"ఆపడానికి లైసెన్సు ఎందుకండీ?"

సంఘం ఈ ప్రశ్నని పై అధికారులకి నివేదించింది. జవాబు ఇంతవరకూ రాలేదు.

సాయంత్రం కారుని తిరిగి బిగించారు. నాలుగు బోల్టులు మిగిలాయి. అవి ఎక్కడివో చూడడానికి మర్నాడు మళ్ళీ విప్పి బిగించారు. పదకొండు మిగిలాయి, ఒక చిన్న స్ప్రింగు కూడా. గణాంకాధికారి కాగితం మీద గీత గీసి చూపించారు. ఇదే వేగంతో వెళ్తే ఉగాదికి ముందే కారు మొత్తం మిగులు అయిపోతుంది, అప్పుడు ఏ భాగం ఎక్కడిదనే సమస్యే ఉండదు అన్నారు. అందరూ ఆయన్ని అభినందించారు. విభాగానికి రెండో బీరువా మంజూరైంది.

"అమ్మగారూ, నేను పదిహేను అడుగులకి జరుగుతున్నాను" అన్నాడు మస్తాన్, స్టూలు ఎత్తుకుంటూ. "నియమం కోసం కాదండి. చూడలేకపోతున్నాను."

బోల్టు దొరికిన తొమ్మిదో రోజున రూతమ్మ జలుబు చేసి పడుకుంది. కూర గిన్నె రాలేదు. ఇంట్లో గుమ్మడికాయ ముక్క ఉంటే తరుగుదామని కత్తిపీట వాల్చుకుని కత్తి పైకి లేపాను. కత్తి నిలబడలేదు. అటు వాలింది, ఇటు వాలింది. ఒళ్ళో పెట్టుకుని చూశాను. కత్తి పీటకి బిగిసే చోట రంధ్రం ఖాళీగా ఉంది. లోపలి అంచు రాసుకుపోయి మెరుస్తోంది.

మడిచిన కత్తిపీట మీద ఒక మనిషి పూట సేపు కూర్చుని, నూనె ఎటు పారితే అటు జరుగుతూ ఉంటే బోల్టు ఊడదా?

ఆటో ఎక్కితే పావుగంటలో ఆఫీసు. ఒక్క మాట చెబితే ఫైలు ముగుస్తుంది. ఫైలు ముగిస్తే రూతమ్మ రైలెక్కుతుంది.

నేను కత్తిపీట మడిచి అటక మీద పెట్టేశాను. గుమ్మడికాయ చాకుతో కోశాను.

ఆ రోజు సాయంత్రం రూతమ్మకి మిరియాల చారు పట్టుకెళ్ళాను. "బోల్టు సంగతి ఏమైనా తేలిందా వదినా?" అని అడిగింది ముక్కు చీదుకుంటూ. "వాళ్ళు చూస్తున్నారుగా" అన్నాను. అది అబద్ధం కాదు. వాళ్ళు చూస్తూనే ఉన్నారు. అలా అబద్ధం కాని మాటలు ఏరుకుని వారం గడిపాను. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను ఏదో ఒకటి చదివేదాన్ని, తను వింటూ కునికేది. కునికిందని ఆపితే, "ఊఁ, ఆ తర్వాత?" అనేది. అంత మంచి రోజులు నాకు ఈ మధ్య లేవు.

పదిహేడో రోజు పొద్దున ఖరగ్‌పూర్ నుంచి ఫోనొచ్చింది. చూపు ఆనక ఎస్తేరమ్మ గంజి గిన్నె పాదాల మీదికి ఒంపుకుంది. పక్కింటివాళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఫోను పెట్టేసి రూతమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "నేనుంటే ఆ గంజి నేనే వార్చేదాన్ని" అంది, అంతే.

నేను అటక మీంచి కత్తిపీట దింపాను. పెరట్లో పాదుకున్న సొరకాయ ఒకటి కోశాను. రెండూ సంచిలో పెట్టుకుని, "పద వదినా, ఆఫీసుకి" అన్నాను. సంచిలోంచి పీట కాళ్ళు బయటికి కనబడుతూనే ఉన్నాయి. రూతమ్మ వాటిని చూసి చెప్పులు వేసుకుంది.

సంఘం సమావేశంలో ఉంది. కత్తిపీట బల్ల మీద పెట్టాను.

"ఆ బోల్టు ఒకసారి ఇప్పించండి."

"మి.భా. ఒకటి ప్రభుత్వ రక్షణలో ఉంది" అన్నారు చక్రధరరావుగారు.

"ఇక్కడే, మీ కళ్ళ ముందేనండి."

నలుగురు ఉద్యోగులు బీరువా తెరిచి, దూది డబ్బా మోసుకొచ్చారు. నేను బోల్టు తీసి రంధ్రంలో దూర్చి వేలితో బిగించాను. కత్తి నిటారుగా నిలబడింది. నమ్మకం కోసం సొరకాయ సగం తరిగాను. చక్రాల్లాంటి ముక్కలు బల్ల మీది ఫైళ్ళ మీద వరసగా పడ్డాయి. కొబ్బరి నిపుణుడు ఒక ముక్క తీసుకుని లేతగా ఉందన్నారు.

ఒకటో నెంబరు బోల్టు పోతే రెండు బీరువాల గతి ఏమిటన్నది అందరి మొహాల్లోనూ కనబడింది. చక్రధరరావుగారు మాత్రం ఊరికే అధికారి కాలేదు. నియమావళి తిరగేసి, పేజీ దొరకగానే గొంతు సవరించుకున్నారు.

"బిగింపు అనంతరం మిగిలినది వాహన భాగమేనని యజమాని సంతకం చేసి ఉన్నారు. సదరు భాగం ఈ కత్తిపీటకు చెందినదని ఇప్పుడు నిర్ధారణ అయింది. కావున, సదరు కత్తిపీట వాహన భాగమే."

"కత్తిపీట కారులో భాగమాండీ?" అన్నాను.

"ఇకపై అవును. వాహనం నడుపునపుడు కత్తిపీట అందులో ఉండి తీరాలి. ఏటా దానికి కూడా పచ్చ బిళ్ళ." ఆయన రాస్తూ తల ఎత్తకుండానే అడిగారు. "ఈ విషయం మీకు ఎప్పుడు తెలిసింది?"

అచ్చులో లేకపోయినా ప్రశ్న ప్రశ్నే. "ఎనిమిది రోజులైందండి" అన్నాను. రూతమ్మ వైపు చూడలేకపోయాను.

"సాక్షిగారికి?"

"పదహారు రోజులైందండి" అంది రూతమ్మ.

నేను అప్పుడు చూశాను. తను చక్రధరరావుగారినే చూస్తోంది.

"ఈమె మీ దగ్గరికి పత్రం ఇవ్వడానికి వచ్చిందండి. అప్పుడు వాళ్ళింట్లో ఉల్లిపాయలు తరుగుదామని కూర్చున్నాను. కత్తి ఊగింది. ఈమె మళ్ళీ కత్తిపీట తియ్యకుండా అప్పటి నుంచి కూరలు నేనే తరిగిచ్చాను."

"మరి ఎందుకు తెలియపరచలేదు?"

రూతమ్మ చీర కొంగు సర్దుకుంది. "చెప్పడానికి పత్రంలో గడి లేదండి."

చక్రధరరావుగారు పత్రాన్ని ముందూ వెనకా తిప్పి చూశారు. నిజంగానే లేదు. అది లోపమని ఒప్పుకుని, వచ్చే ఏటికి గడి చేరుస్తామని సంఘం తీర్మానించింది. ఆ సందట్లో నేను రూతమ్మ చెవిలో, "దొంగ మొహమా" అన్నాను. "నువ్వు మాత్రం? ఆ గుమ్మడికాయ ముక్కలు చూశాను. ఒక్కోటి ఒక్కో సైజు" అంది తను.

ఇక కారు సంగతి. చివరిసారి విప్పి అలాగే వదిలేసిన కారు ఇప్పుడు వాహనం కిందికి రాదనీ, భాగముల సమాహారం మాత్రమేననీ తేల్చారు. భాగములను మెకానిక్కు తాకరాదని ఎక్కడా లేదు. ఫోను చేసి మస్తాన్‌కి ఈ మాట చెబితే వాడు టేపు విసిరేసిన చప్పుడు ఫోనులో వినబడింది. సాయంత్రానికల్లా బిగించి పెడతానన్నాడు. ఏమైనా మిగుల్తాయా అని అడిగాను. "అవమానించకండమ్మా" అన్నాడు.

అంతా అయిందనుకుని లేస్తుంటే చక్రధరరావుగారు ఇంకో కాగితం ముందుకు జరిపారు. సాక్షి విముక్తి పత్రం. సాక్షి పేరు, చిరునామా, వెళ్ళు ఊరు అన్నీ రూతమ్మ నింపింది. నాలుగో గడి నాది.

'యజమాని సదరు సాక్షిని వెళ్ళనిచ్చుచున్నారా? అవును, కాదు. ఒకటి కొట్టివేయవలెను.'

నేను ఆ గడి చదివాను. మళ్ళీ చదివాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో ఎంతమందో వెళ్ళిపోయారు. ఒక్కరూ ఈ మాట అడగలేదు. మా అమ్మ అడగలేదు, మా ఆయన అడగలేదు. వాళ్ళని తీసుకెళ్ళిన దేవుడు కూడా కాగితం ఏదీ పంపలేదు. అడిగినవాళ్ళు ఈ బోల్టుల ఆఫీసువాళ్ళు ఒక్కరే.

"అమ్మా, ఐదు కావస్తోంది" అన్నారు చక్రధరరావుగారు.

"తొందరేముందండీ, చదువుకోనివ్వండి" అంది రూతమ్మ. "ఆమెకి చదవడం ఇష్టం."

'కాదు' మీద గీత కొట్టాను. గీత వంకరగా వచ్చింది గానీ, మాటని పూర్తిగా కొట్టేసింది.

కింద ఐదో గడి. 'షరతులు ఏవైనా ఉన్నచో'. ఆ గడి అక్కడ ఉంటుందని నేననుకోలేదు. గబగబా రాశాను: వారానికి ఒక ఉత్తరం. రెండు వైపులా.

రూతమ్మ తొంగి చూసి గొల్లుమంది. "ఫోనుందిగా వదినా!"

"ఫోనులో మాట చదువుకోడానికి మిగలదు."

"రెండు వైపులా ఏం రాయను? నర్సుని, నేను రాసేది టెంపరేచరే. ఒక వైపు చాలు."

"రెండు."

చక్రధరరావుగారు ఇద్దరినీ చూసి, చాలా సేపు ఆలోచించి, "ఒకటిన్నర వైపు" అని సర్దుబాటు చేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఆ నెలలో ఆ ఆఫీసు తీసుకున్న నిర్ణయాల్లో మరీ అన్యాయంగా లేనిది అదొక్కటే. ముద్ర ఎత్తి పట్టుకుని ఆయన మళ్ళీ ఆగారు.

"కాలపరిమితి రాయలేదమ్మా. ఎన్నాళ్ళు రాయాలి? ఆ గడి ఖాళీగా వదిలితే ఈ ఫైలు ఎప్పటికీ మూతపడదు."

రూతమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. తనే రాస్తుందనుకున్నాను. తను దానికి క్యాపు పెట్టి ఆయన ముందు పెట్టేసింది.

"ఉండనివ్వండి" అంది. "ముద్ర వెయ్యండి."